జల్లెడలో మిగిలినవి

గాల్వెస్టన్ సముద్రం నీలంగా ఉండదు. మిసిసిపీ, అచఫలయా, ట్రినిటీ, బ్రేజోస్ నదులు మోసుకొచ్చే ఒండ్రుతో ఏడాదిలో ఎక్కువ రోజులు గోధుమరంగులోనే ఉంటుంది. ఇసుక మెత్తన, సన్నన. తడిస్తే బూడిదరంగు, ఆరితే లేత గోధుమ. పోస్టుకార్డుల మీద అచ్చేసుకునే తీరం కాదది. అయినా 1980ల్లో హ్యూస్టన్ చుట్టుపక్కల పెరిగిన తెలుగు పిల్లలకు సముద్రమంటే అదే. గోదావరి ఎర్రనీళ్లు చూస్తూ పెరిగిన మా పెద్దవాళ్లకు ఆ రంగు కొత్తగా అనిపించలేదు. ఆదివారం పొద్దున పియర్‌ల్యాండ్‌లో మీనాక్షి గుడికి వెళ్లి, పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో సర్దుకుని మధ్యాహ్నానికి గాల్వెస్టన్ చేరడం మా ఇంటి అలవాటు. వంతెన దిగేసరికి ఉప్పుగాలి కారు అద్దాల్లోంచి లోపలికి వచ్చేది.

మేముండేది హ్యూస్టన్‌కు తూర్పున, పాసడీనాలో. నాన్న ఉద్యోగం షిప్ చానెల్ ఒడ్డున ఒక పాలిఎథిలీన్ కర్మాగారంలో. బఫెలో బాయూ అనే వాగును లోతుగా తవ్వి, సముద్రపు ఓడలు హ్యూస్టన్ దాకా వచ్చేలా 1914లో తెరిచిన కాలువ అది. దాని రెండు ఒడ్లా రిఫైనరీలు, రసాయన కర్మాగారాలు, చమురు ట్యాంకులు బారులు తీరి ఉంటాయి. రాత్రిపూట ఫ్లేర్ మంట పెరిగితే మా పడకగది గోడ ఎర్రబడేది. గాలి మళ్లినప్పుడు ఒక్కోసారి కళ్లు మండేవి. పరీక్ష కోసం మోగించే సైరన్ ఏదో, నిజమైన ప్రమాదపు సైరన్ ఏదో పిల్లలం కూడా తేడా చెప్పగలిగేవాళ్లం.

నాన్న చేసే సరుకు మాత్రం చాలా చిన్నది. సహజవాయువులోంచి తీసిన ఈథేన్‌ను కొలిమిలో మండే వేడికి విరగ్గొడితే ఎథిలీన్ వస్తుంది. ఆ ఎథిలీన్‌ను ఒత్తిడిలో పెట్టి పొడవాటి గొలుసులుగా అల్లితే పాలిఎథిలీన్. దాన్ని కరిగించి, చిల్లుల పళ్లెంలోంచి తోసి, నీళ్ల అడుగున తిరిగే కత్తితో తరుగుతారు. తరిగిన ముక్క నీళ్లలోనే గట్టిపడి గుండ్రటి గింజవుతుంది. ఒక్కో గింజ 2 నుంచి 5 మిల్లీమీటర్లు, బరువు సుమారు 20 మిల్లీగ్రాములు. పాలిథిన్ సంచీ, పాల డబ్బా, బకెట్టు, కరెంటు తీగ మీది తొడుగు, అన్నీ అలాంటి గింజల్లోంచి పుట్టేవే. నాన్న వాటిని పెల్లెట్లనేవారు. తీరాల వెంట వాటిని వెతికేవాళ్లు నర్డిల్స్ అంటారు.

ఆ గింజలు మా ఇంట్లో ఎప్పుడూ ఉండేవి. నాన్న బూట్ల అడుగు గాడుల్లో ఇరుక్కుని వచ్చేవి. ప్యాంటు మడతల్లోంచి గుమ్మం దగ్గర జలజలా రాలేవి. అమ్మ రోజూ సాయంత్రం గుమ్మం ఊడ్చి, చేటలోకి ఎత్తి చెత్తబుట్టలో వేసేది. నేను కొన్ని ఏరి అగ్గిపెట్టెలో దాచుకునేదాన్ని. నున్నగా, తెల్లగా, వెలుగుకి పట్టుకుంటే పాలగాజులా ఉండేవి. ఆ గింజలే మాకు అన్నం పెట్టాయి. ఊళ్లో తాతయ్య అప్పు తీరింది వాటితోనే, చిన్నత్త పెళ్లి జరిగింది వాటితోనే. ఈ వ్యాసంలో ప్లాస్టిక్ గురించి ఏం చెప్పినా, ఆ సంగతి పక్కన పెట్టి చెప్పలేను.

ఆ రోజుల్లో తీరం మీద కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపించే మురికి వేరే ఉంది. తారు. 1979 జూన్‌లో మెక్సికో వైపు కంపెచే అఖాతంలో ఇక్స్‌టాక్ చమురు బావి పేలింది. రెండు నెలలకు ఆ చమురు టెక్సస్ తీరానికి చేరింది. అదే ఏడాది నవంబరులో బర్మా అగేట్ అనే ట్యాంకరు గాల్వెస్టన్ దగ్గరే మరో ఓడను ఢీకొని నెలల తరబడి కాలింది. మేము వచ్చేనాటికి ఆ మంటలు లేవు గానీ, ఇసుకలో నల్లటి తారు ముద్దలు అడుగడుగునా తగిలేవి. ట్యాంకర్లు సముద్రంలో కడుక్కున్న నూనె కొంత, సముద్రపు అడుగు నుంచి తనంతట తానే ఊరే చమురు కొంత వాటికి తోడు. అమ్మ కారు డిక్కీలో కొబ్బరినూనె సీసా, పాత గుడ్డపేలికలు ఉంచేది. ఇంటికి బయల్దేరే ముందు పిల్లలందర్నీ వరసగా కూర్చోబెట్టి అరికాళ్లకు నూనె రాసి తారు తుడిచేది. కొబ్బరినూనె, తారు కలిసిన ఆ వాసన నాకు ఇప్పటికీ సముద్రం వాసనే.

తారును దాటి చూస్తే ఆ తీరం పిల్లలకు పెద్ద ఖజానా. అల వెనక్కి తగ్గగానే తడి ఇసుకలో వందల చిన్న ఆల్చిప్పలు నిటారుగా నిలబడి, మరో అల వచ్చేలోగా బుడుక్కున లోపలికి దిగిపోయేవి. పసుపు, గులాబీ, ఊదా చారలు వాటి మీద. ఎండాకాలం మొదట్లో సర్గాసమ్ నాచు తట్టలు తట్టలుగా ఒడ్డుకొచ్చేది. నాచు దులిపితే అందులోంచి గోటి పరిమాణంలో రొయ్యలు, పీతలు రాలేవి. పొద్దుగూకే వేళకి ఇసుకరంగు పీతలు బొరియల్లోంచి కళ్లు పైకెత్తి చూసేవి. గూడబాతులు మాత్రం అరుదు. డీడీటీ అనే పురుగుమందు వల్ల వాటి గుడ్ల పెంకులు పలచబడి, పొదిగే తల్లి బరువుకే పగిలిపోయి, టెక్సస్ తీరంలో దాదాపు లేకుండా పోయాయని మా టీచరు చెప్పారు. ఒక్క గూడబాతు కనిపించినా నాన్న కారాపి చూపించేవారు.

ఒక శీతాకాలం నాయనమ్మ కాకినాడ నుంచి వచ్చింది. ఆవిడ పుట్టిల్లు సామర్లకోట. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టనిదే ఉండలేని మనిషి. సూట్‌కేసులో సగం చీరలు, సగం బొమ్మలు. ఏటికొప్పాక లక్కపిడతలు, మట్టి దశావతారాలు, కోమటి దంపతుల బొమ్మ. మెట్ల మీద బొమ్మలు సర్దడం ఒక ఎత్తు, మెట్ల ముందు నేల మీద ఇసుక పరిచి పల్లెటూరు కట్టడం ఒక ఎత్తు. పిండివంటల కంటే ముందు ఆ ఇసుక సంగతే అడిగింది. "ఏట్లో ఇసక దొరకదుట్రా ఇక్కడ?" అని నాన్నని నిలదీసింది. ఏరు లేదు, సముద్రం ఉందన్నారు నాన్న. అయితే అదే పట్రమ్మంది.

జనవరిలో గాల్వెస్టన్‌లో ఉత్తరపు చలిగాలి వీస్తే నీళ్లు వెనక్కి తగ్గి తడినేల చాలా దూరం బయటపడుతుంది. ఆ గాలిలో, తలకి శాలువా చుట్టుకున్న నాయనమ్మ చూస్తుండగా, నాన్నా నేనూ బకెట్టులోకి ఇసుక ఎత్తాం. ఇంటికి తెచ్చి వెనక వరండాలో ఆరబోశాం. మర్నాడు నాయనమ్మ వంటింట్లోంచి పిండి జల్లెడ తీసుకుని గచ్చు మీద కూర్చుంది. ఇసుక కిందికి జారిపోతోంది. జల్లెడలో గవ్వ ముక్కలు, ఎండు నాచు, పీత డెక్కలు, ఓ తారు పలుకు, వాటి మధ్య తెల్లటి గింజలు మిగిలాయి.

"ఏవే అమ్మాయ్, మీ అమ్మ సగ్గుబియ్యం గానీ ఒలకబోసిందా ఇందులో?"

"లేదత్తయ్యగారూ, డబ్బా మూత ఇంకా తియ్యనేలేదు" అంది అమ్మ లోపల్నించి.

నాయనమ్మ అలా అనడంలో వింతేమీ లేదు. సామర్లకోట, పెద్దాపురం మిల్లుల్లో కర్రపెండలం పిండితో చేసిన సగ్గుబియ్యం గచ్చుల మీద ఎకరాల కొద్దీ ఆరబోస్తే ఏళ్ల తరబడి చూసిన మనిషి. ఆ గింజలు అచ్చం అలాగే ఉన్నాయి, అదే గుండ్రన, అదే మసక తెలుపు. ఒకటి తీసి నోటి దగ్గరకు తీసుకెళ్లింది. నాన్న ఒక్క ఉదుటున వచ్చి చెయ్యి పట్టుకున్నారు.

"తినేది కాదమ్మా. ప్లాస్టిక్. మా ప్లాంట్లో చేసే సరుకు ఇదే."

"మీ ప్లాంటు సముద్రంలో ఉందిట్రా?"

"లేదు. నలభై మైళ్లు ఎగువన."

"మరి ఇక్కడికెలా వచ్చింది?"

నాన్న అక్కడే గచ్చు మీద చతికిలబడి చెప్పారు. గింజల్ని గొట్టాల్లో గాలితో ఊది గూడ్సు వ్యాగన్లలో నింపుతారు. గొట్టం విప్పేటప్పుడు కొన్ని రాలతాయి. వ్యాగన్ అడుగు మూత సరిగ్గా బిగియకపోతే దారి పొడుగునా కారతాయి. కొనుక్కున్న వాళ్ల దగ్గర దించేటప్పుడు మళ్లీ రాలతాయి. వాన పడితే పట్టాల పక్క కాలువలోకి, అక్కణ్నించి బాయూలోకి, చానెల్లోకి, గాల్వెస్టన్ అఖాతంలోకి కొట్టుకుపోతాయి. పాలిఎథిలీన్ నీటికన్నా తేలిక. మునగదు. అలలు తెచ్చి ఒడ్డున పడేస్తాయి. "ఇవి మావో, పక్కవాళ్లవో చెప్పలేం. అందరివీ ఒకేలా ఉంటాయి" అన్నారు.

"రాలినవి అప్పుడే ఊడిస్తే పోయేదిగా" అంది నాయనమ్మ. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఇల్లు నడుపుకునే మనిషికి తోచిన మొదటి సంగతి అది. నాన్న ఏమీ అనలేదు. ఆయన ఎంత శుభ్రం మనిషో నాకు తెలుసు. కానీ ఆ కర్మాగారాల లెక్కల్లో రాలిన గింజలకు విలువ లేదు. ఒక వ్యాగన్‌లో దాదాపు 80 టన్నులు పడుతుంది. కిలోకి 50 వేల గింజలు వేసుకుంటే, ఒక్క వ్యాగన్‌లో 400 కోట్లు. అందులో గుప్పెడు పోతే తూకంలో కనిపించదు. సముద్రానికి మాత్రం ఆ గుప్పెడు వేల గింజలు.

గింజలన్నీ ఏరి పారేసి, మిగిలిన ఇసుకతో నాయనమ్మ పల్లె కట్టింది. అద్దం ముక్కతో చెరువు, మెంతులు మొలకెత్తించి పొలం, అగ్గిపుల్లలతో దడి. హ్యూస్టన్ నలుమూలల నుంచి పేరంటానికి వచ్చిన ముత్తయిదువలు మెచ్చుకుని వెళ్లారు. సంక్రాంతి వెళ్లిన కొద్ది రోజులకే చొల్లంగి అమావాస్య. కాకినాడ పక్కన తుల్యభాగ సముద్రంలో కలిసేచోట ఆ రోజు వేలమంది మునుగుతారు. ఎక్కడున్నా సముద్ర స్నానం మానకూడదని నాయనమ్మ పట్టు. గాల్వెస్టన్ నీళ్లు వణికించే చలిలో మూడు మునకలు వేసి, తడి ఇసుక దోసిలితో ఎత్తి లింగం చేసింది. చేత్తో నిమురుతుంటే ఇసుకలోంచి రెండు తెల్ల గింజలు బయటికొచ్చాయి. వాటిని తీసి కొంగున ముడేసుకుంది. సముద్రంలోకి తిరిగి విసరలేదు. ఇంటికొచ్చి చెత్తబుట్టలో వేసింది.

మా బడివాళ్లు గాల్వెస్టన్‌లో ప్రభుత్వ మత్స్య ప్రయోగశాలకు తీసుకెళ్లిన రోజు కూడా నాకు బాగా గుర్తు. కెంప్స్ రిడ్లీ తాబేలు పిల్లల్ని అక్కడ బకెట్లలో పెంచేవారు. ప్రపంచంలో అన్నిటికన్నా ప్రమాదంలో ఉన్న సముద్రపు తాబేలు అది. మన కాకినాడ, విశాఖ తీరాల్లో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లీకి దగ్గరి చుట్టం. 1978 నుంచి 1988 దాకా మెక్సికోలోని రాంచో నువెవో తీరంలో గుడ్లు సేకరించి, అక్కడి ఇసుక అంటకుండా, టెక్సస్ పాడ్రే ఐలండ్ నుంచి తెచ్చిన ఇసుకలో సర్ది తీసుకొచ్చేవారు. పాడ్రేలో పొదిగించి, పుట్టిన పిల్లల్ని ఆ ఇసుక మీదే పాకనిచ్చి, అలల్లోకి దిగనిచ్చి, మళ్లీ వలతో పట్టి గాల్వెస్టన్ తెచ్చి పెంచేవారు. తను పాకిన ఇసుకను తాబేలు మర్చిపోదనీ, పెద్దయ్యాక గుడ్లు పెట్టడానికి అక్కడికే వస్తుందనీ శాస్త్రవేత్తల నమ్మకం. 1996లో అలా పెంచిన తాబేళ్లు నిజంగానే పాడ్రేకి తిరిగొచ్చి గూడు కట్టాయి. ఆ వార్త చదివిన రోజు నేను ఏడ్చాను.

1986 సెప్టెంబరులో టెక్సస్ తీరంలో ఒక పెద్ద శుభ్రత కార్యక్రమం జరిగింది. ఒక పర్యావరణ సంస్థలో పనిచేసే లిండా మరానిస్ దానికి నడుం కట్టారు. 2,800 మంది రెండు గంటల్లో 122 మైళ్ల తీరం నుంచి 124 టన్నుల చెత్త ఎత్తారు. ఇప్పుడు ప్రపంచమంతా ఏటా జరిగే అంతర్జాతీయ తీర శుభ్రతా దినానికి మొదలు అదే. ఆవిడ పట్టుబట్టిన ఇంకో విషయం ఉంది. చెత్త ఎత్తి ఊరుకోకూడదు, దొరికిన ప్రతి వస్తువూ కార్డు మీద రాయాలి. నాన్నా నేనూ వెళ్లాం. ఓడల మీంచి పారేసిన డబ్బాలు, తాళ్లు, సంచులు, సీసాలు ఏరి నేను కార్డు మీద గీతలు గీశాను. ఆ కార్డులే తర్వాత చట్టసభలకు సాక్ష్యాలయ్యాయి. 1987లో అమెరికా చట్టం చేసింది. ఓడల నుంచి సముద్రంలో ప్లాస్టిక్ పారేయడాన్ని పూర్తిగా నిషేధించే అంతర్జాతీయ ఒప్పందం 1988 డిసెంబరు 31న అమల్లోకి వచ్చింది.

తెల్ల గింజల్ని మాత్రం ఆ రోజు సంచిలోకి ఎత్తలేకపోయాం. చేతి తొడుగులకు అందవు. అల ఆగిన గీత వెంట, నాచు మధ్య, మెత్తటి ఇసుక కింద అవి అలాగే ఉండిపోయాయి.

ఆ చుట్టుపక్కల కుటుంబాలు ప్లాస్టిక్‌కు చెల్లించిన ధర ఒక్క ఇసుకతో ఆగలేదు. 1989 అక్టోబరు 23న పాసడీనాలో ఫిలిప్స్ సంస్థ పాలిఎథిలీన్ కర్మాగారం పేలి 23 మంది చనిపోయారు. నాన్న పనిచేసే చోటు అది కాదు. అయినా ఆ మధ్యాహ్నం ఆయన ఫోన్ చేసేదాకా అమ్మ గుమ్మం మీంచి లేవలేదు.

పెద్దయ్యాక చదివితే తెలిసింది, నేను పుట్టకముందే ఈ గింజల సంగతి బయటపడిందని. 1971లో వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థకు చెందిన ఎడ్వర్డ్ కార్పెంటర్ సర్గాసో సముద్రంలో వల లాగితే, నాచుతో పాటు ప్లాస్టిక్ ముక్కలు, గుళికలు వచ్చాయి. మరుసటి ఏడాది సైన్స్ పత్రికలో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. 1992లో అమెరికా ప్రభుత్వ పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈ గుళికల మీద ఒక పూర్తి నివేదిక ఇచ్చింది. 14 ఓడరేవుల్లో వెతికితే 13 చోట్ల దొరికాయి. అన్నిటికన్నా ఎక్కువ హ్యూస్టన్ షిప్ చానెల్లో. నాయనమ్మ అడిగిన ప్రశ్నకు ఆ నివేదిక ఇచ్చిన జవాబు నాన్న గచ్చు మీద కూర్చుని చెప్పినదే. నింపేచోట, దించేచోట, రవాణాలో రాలి, వాననీటితో పోతున్నాయి.

2004లో ఇంగ్లండులోని ప్లిమత్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ థాంప్సన్ బృందం తీరాల ఇసుకను, ఒండ్రును ప్రయోగశాలకు తెచ్చి చిక్కటి ఉప్పునీటిలో కలిపింది. ఇసుక అడుగుకు దిగింది, ప్లాస్టిక్ పైకి తేలింది. కంటికి ఆనని పోగులు, రేణువులు కూడా బయటపడ్డాయి. మైక్రోప్లాస్టిక్ అనే మాట లోకంలో స్థిరపడింది అప్పుడే. 5 మిల్లీమీటర్లకన్నా చిన్నదైతే ఆ లెక్కలోకి వస్తుందని తర్వాత ఒప్పుకున్నారు. ఇప్పుడు తీర శాస్త్రవేత్తలు చతురస్రాకారపు చట్రం పెట్టి, పైన కొన్ని సెంటీమీటర్ల ఇసుక తీసి, వేర్వేరు కంతల జల్లెడలు పట్టి, మిగిలినవాటిని పరారుణ కాంతితో పరీక్షించి ఏ ప్లాస్టిక్కో తేలుస్తారు.

కానీ పైన కనిపించేది మొత్తం కాదు. బ్రెజిల్‌లో శాంటోస్ దగ్గర తీరాలను 2 మీటర్ల లోతు వరకూ తవ్వి చూసిన శాస్త్రవేత్తలకు గుళికలు అడుగుదాకా దొరికాయి. పైపొరలో ఉన్నది మొత్తంలో చిన్న భాగమే. తీరం ఒకచోట నిలవదు. తుఫాను కోస్తుంది, అల తిరిగి పోస్తుంది. గాలి దిబ్బలు కడుతుంది. అలా పొరలు పొరలుగా గింజలు లోపలికి వెళ్తాయి. ఎండ తగిలినవి పసుపుబారి, బీటలువారి ఇంకా చిన్న రేణువులవుతాయి. చీకట్లో పూడినవి చాలాకాలం చెక్కుచెదరవు. నేను పిల్లగా ఆడుకున్న ఇసుకలోని గింజలు ఎక్కడికో పోయాయని అనుకోవడానికి ఆధారం లేదు.

అవి ఊరికే ఉండవు కూడా. టోక్యోలో హిదేషిగే తకాదా బృందం 2001లో చూపించినదేమిటంటే, నీటిలో కరగని పీసీబీల వంటి విషాలు ఈ గింజల మీదికి చేరి, చుట్టూ ఉన్న సముద్రపు నీటికన్నా లక్షల రెట్లు చిక్కబడతాయి. డీడీటీ నుంచి మిగిలిన పదార్థం కూడా వాటి మీద దొరికింది. 2005 నుంచి ప్రపంచం నలుమూలల జనం తమ తీరంలో ఏరిన గింజల్ని కవర్లో పెట్టి ఆయనకు పంపుతున్నారు. హవాయిలోని కామిలో తీరంలో 2011లో అచ్చయిన పరిశోధన మరో సంగతి చెప్పింది. ప్లాస్టిక్ కలిసిన ఇసుక నెమ్మదిగా వేడెక్కుతుంది. తాబేలు గుడ్డులోంచి ఆడపిల్ల వస్తుందా, మగపిల్ల వస్తుందా అన్నది ఇసుక వేడి మీదే ఆధారపడుతుంది. పాడ్రే ఐలండ్ దగ్గర ఉత్తరం నుంచి, దక్షిణం నుంచి వచ్చే తీర ప్రవాహాలు ఎదురెదురుగా కలుస్తాయి. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో తేలేదంతా ఆ ఒడ్డున పోగుపడుతుంది. తాబేళ్లు గుర్తుపెట్టుకుని వచ్చే ఇసుక అదే.

ఇంత చెప్పాక, నా చిన్నప్పటి తీరం స్వచ్ఛమైనదని చెప్పి నిట్టూర్చడం నాకు చేతకాదు. ఆ తీరం తారుతో నిండింది, గూడబాతులు లేనిది, ఓడల చెత్త మోసింది. నేడు గాల్వెస్టన్‌లో నడిస్తే అరికాళ్లకు తారు అంటడం అరుదు. గూడబాతులు బారులు కట్టి అలల మీంచి ఎగురుతాయి. 1972లో డీడీటీని నిషేధించారు, 2009లో గూడబాతును అంతరించే జాతుల జాబితాలోంచి తీసేశారు. ఈ మార్పు సముద్రం దయ కాదు. కొలిచినవాళ్లు, కొలిచినదాన్ని చట్టం ముందు పెట్టినవాళ్లు, పుట్టేచోటే ఆపినవాళ్లు చేసిన పని. తెల్ల గింజల విషయంలో కొలత జరిగింది. ఆపడం ఇంకా జరగలేదు.

ఆపవచ్చని చూపించిన మనిషి ఒకరున్నారు. గాల్వెస్టన్‌కు నైరుతిలో సీడ్రిఫ్ట్ అనే ఊళ్లో నాలుగు తరాలుగా రొయ్యల వేట చేసిన కుటుంబంలో పుట్టిన డయాన్ విల్సన్. లవాకా అఖాతం ఒడ్డున పాయింట్ కంఫర్ట్‌లో ఉన్న ఫార్మోసా ప్లాస్టిక్స్ కర్మాగారం నుంచి గింజలూ, పొడీ నీళ్లలోకి వస్తున్నాయని ఆవిడా, తోటి స్వచ్ఛంద కార్యకర్తలూ ఏళ్ల తరబడి ఒడ్డుల వెంట, వాగుల్లో తిరిగి దాదాపు 2,400 నమూనాలు సేకరించారు. సంచుల మీద తేదీ, చోటు రాశారు. 2017లో దావా వేశారు. ఆ సంచులే కోర్టులో మాట్లాడాయి. 2019 జూన్‌లో ఫెడరల్ న్యాయమూర్తి కెన్నెత్ హోయిట్ సంస్థది తప్పని తేల్చారు. ఏడాది చివర్లో 5 కోట్ల డాలర్ల రాజీ కుదిరింది. ఇక ఒక్క గింజ కూడా బయటికి వదలకూడదన్నది అందులో షరతు. ఆ సొమ్ములో ఆవిడ తనకని ఏమీ ఉంచుకోలేదు. అఖాతం బాగుకూ, మత్స్యకారుల సహకార సంఘానికీ కేటాయించారు. 2023లో ఆవిడకు గోల్డ్‌మన్ పర్యావరణ బహుమతి వచ్చింది.

అలాంటిదే ఇంకో ప్రయత్నం 2018 చివర్లో పోర్ట్ అరాన్సస్‌లో మొదలైంది. అప్పట్లో టెక్సస్ విశ్వవిద్యాలయ సముద్ర శాస్త్ర సంస్థలో పనిచేస్తున్న జేస్ టనెల్ తీరంలో విపరీతంగా గింజలు చూసి నర్డిల్ పెట్రోల్ పెట్టారు. ఎవరైనా సరే, అల ఆగిన గీత దగ్గర పది నిమిషాలు గింజలు ఏరి, లెక్కపెట్టి, తేదీ, చోటు పంపాలి. మా అబ్బాయి, కోడలు, మనవరాలితో నేనూ వెళ్తుంటాను. మోకాళ్లు ఒప్పుకున్నంతసేపు ఏరుతాను. ఒడ్డు శుభ్రం చెయ్యడానికి అది చాలదని తెలుసు. ఆ అంకె ఎక్కడో ఒక అధికారి బల్ల మీదికి చేరుతుందన్న నమ్మకంతో ఏరుతాను.

ఎందుకంటే చట్టం ఇంకా సగమే ఉంది. సబ్బుల్లో, పేస్టుల్లో వాడే ప్లాస్టిక్ పూసల్ని అమెరికా 2015 చట్టంతో నిషేధించింది. కాలిఫోర్నియా 2007లోనే గింజల మీద చట్టం చేసి, వాననీరు బయటికి పోయేచోట 1 మిల్లీమీటరు కంతల జల్లెడలో ఆగేవాటిని పట్టే ఏర్పాటు ఉండాలంది. కానీ ప్లాస్టిక్ గింజల తయారీకి గుండెకాయలాంటి గల్ఫ్ తీరానికి అలాంటిది లేదు. గింజల పారుదలను దేశమంతటా నిషేధించే బిల్లును సెనేటర్ డిక్ డర్బిన్ తదితరులు 2021లో ప్రవేశపెట్టారు. అది చట్టం కాలేదు. మరోవైపు రాలేది ఫ్యాక్టరీ దగ్గరే కాదు. 2021లో కొలంబో దగ్గర ఎక్స్‌ప్రెస్ పర్ల్ ఓడ కాలి మునిగినప్పుడు దాదాపు 1,680 టన్నుల గింజలు శ్రీలంక తీరాన్ని కప్పేశాయి. 2025 మేలో కొచ్చి దగ్గర ఎంఎస్‌సీ ఎల్సా 3 మునిగితే కేరళ తీరంలో గింజలు తట్టలకొద్దీ ఎత్తారు. బంగాళాఖాతం ఒడ్డున మన కాకినాడకూ, మచిలీపట్నానికీ ఆ ముప్పు దూరం కాదు.

నాన్న తరంలో షిప్ చానెల్ కర్మాగారాల్లో తెలుగువాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఇప్పుడు ఆ గేట్ల లోపల ఎంతోమంది మన పిల్లలు డిజైన్ ఇంజినీర్లు, ఆపరేషన్ మేనేజర్లు, భద్రతాధికారులు. నేను ఈ వ్యాసం రాస్తున్నది వాళ్లకోసం కూడా. వ్యాగన్ అడుగు మూతకు బిగువైన సీలు, గొట్టం విప్పేచోట కింద పళ్లెం, రాలినదాన్ని వెంటనే పీల్చే వాక్యూమ్, కాలువ నోటి దగ్గర సన్నటి జల్లెడ. ఇందులో కొత్తగా కనిపెట్టాల్సిందేదీ లేదు. ఖర్చు రాయడానికి ఒక పద్దు, అడగడానికి ఒక గొంతు కావాలి. ఆ సరుకుతో చదువుకున్న ఇళ్లు మనవి. అది సముద్రానికి చేరకుండా చూడమని లోపలివాళ్లు అడిగితే బయటివాళ్ల మాటకు వందరెట్లు బలం వస్తుంది. ఇసుకలోకి ఇప్పటికే దిగినదాన్ని మన కాలంలో పూర్తిగా వెనక్కి తియ్యలేం. ఈ సాయంత్రం గేటు దాటబోయేదాన్ని ఆపగలం. గూడబాతు తిరిగొచ్చిన తీరంలో అది సాధ్యమేనని నేను గట్టిగా నమ్ముతున్నాను.